సీడ్ బుక్ చేసే ముందు గాలి లెక్క

ముందు చెరువు లీజు ఖరారవుతుంది. ఆ వెంటనే హేచరీకి ఫోన్ చేసి లక్షల లెక్కన సీడ్ బుక్ చేస్తారు. మేత డీలరుతో అరువు మాట అయిపోతుంది. డెబ్బై, ఎనభై రోజులు గడిచాక ఒక తెల్లవారుజామున రొయ్యలు గట్టువార తేలడం మొదలయ్యాక గానీ ఇంకో రెండు ఏరియేటర్లు వేద్దామన్న ఆలోచన రాదు. గోదావరి జిల్లాల్లోనూ, కృష్ణా, నెల్లూరు తీరాల్లోనూ చాలా వనామీ చెరువుల మీద నిర్ణయాలు ఈ వరసలోనే జరుగుతాయి. ఈ వరసను తిరగెయ్యమని చెప్పడానికే ఈ అధ్యాయం. మీ దగ్గర ఎంత గాలి ఉందో ముందు లెక్క తేల్చుకోండి. ఆ గాలి ఎన్ని కిలోల రొయ్యను మోస్తుందో చూడండి. సీడ్ సంఖ్య ఆ తర్వాత నిర్ణయించండి. ఏరియేటర్‌ను ఆపద వేళ వేసే మందుగా చూసినంత కాలం అది ఆదుకోలేదు. ఎందుకు ఆదుకోలేదో అంకెలే చెబుతాయి.

లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల వేడిమి, 15 పీపీటీ ఉప్పదనం ఉన్న లీటరు చెరువు నీటిలో నిండుగా కరిగినా 7 మిల్లీగ్రాములే, అంటే 7 పీపీఎం. మనం పీల్చే గాలిలో ఉన్నదానిలో దాదాపు నలభయ్యో వంతు మాత్రమే. పైగా ఆక్సిజన్ గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే కదలని నీటిలో వ్యాపించే వేగం పది వేల రెట్లు తక్కువ. నీటిపైన ఎంత గాలి ఉన్నా అడుగున మేస్తున్న రొయ్యకు అది దానంతటదే చేరదు. వేడి పెరిగినా, ఉప్పు పెరిగినా నీరు పట్టుకోగల ఆక్సిజన్ ఇంకా తగ్గిపోతుంది. అదే వేడికి రొయ్య మాత్రం ఇంకా ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. వేసవి పంట రైతును ఎందుకు భయపెడుతుందో చెప్పడానికి ఈ రెండు వాక్యాలు చాలు.

పగలు ఈ కొరతను తీర్చేది నీటిలోని నాచు కణాలు, మనం వాటర్ కలర్ అని చెప్పుకునే ప్లాంక్టన్. ఎండ ఉన్నంతసేపు అవి ఆక్సిజన్ తయారుచేస్తాయి. మంచి కలర్ ఉన్న చెరువులో మధ్యాహ్నం మూడు గంటలకు డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, 10 పీపీఎం దాటడం వింతేమీ కాదు. పొద్దు వాలాక ఆ తయారీ ఆగిపోతుంది, అవే కణాలు ఆక్సిజన్‌ను వాడుకోవడం మాత్రం ఆగదు. రొయ్యలు, నాచు, నీటిలోని బ్యాక్టీరియా, అడుగున పేరుకున్న మేత, రెట్ట అన్నీ కలిసి రాత్రంతా ఒకే నిల్వ మీద బతుకుతాయి. సూర్యోదయానికి ముందు ఆ నిల్వ అట్టడుగుకు చేరుతుంది. డీవో 4కు పైన ఉంటే రొయ్య ఆరోగ్యంగా మేస్తుంది. 3 కిందికి వస్తే మేత తగ్గిస్తుంది. 2 కిందికి పోతే ఒత్తిడికి లోనై జబ్బులకు లొంగుతుంది. రోజూ తెల్లవారుజామున 2.5కి దిగి ఉదయం తొమ్మిదికల్లా 5కి చేరే చెరువులో చచ్చిన రొయ్య ఒక్కటీ కనబడకపోవచ్చు. కానీ ఎదుగుదల మందగిస్తుంది, తిన్న మేత ఒంటబట్టదు, మౌల్టింగ్ రోజుల్లో గుల్లబారినవి ఎక్కువవుతాయి. మీటరు పెట్టి చూడని రైతు ఆ నష్టాన్ని సీడ్ మీదో మేత మీదో వేసుకుంటాడు. నా దృష్టిలో చెరువు ఒక్కసారిగా తేలిపోవడం కంటే ఇదే పెద్ద నష్టం. పంట పొడవునా జరుగుతూ ఉంటుంది, కంటికి మాత్రం కనబడదు.

ఇక ఏరియేటర్ ఏం చేయగలదో చూద్దాం. అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో క్లాడ్ బాయిడ్, ఆయన సహచరులు దశాబ్దాల పాటు చెరువు ఏరియేటర్లను కొలిచి చూశారు. వాళ్ల పరీక్షల్లో బాగా నిర్మించిన పాడిల్ వీల్ ఒక యూనిట్ కరెంటుకు 2 కిలోలకు పైగా ఆక్సిజన్‌ను నీటిలోకి చేర్చింది. అడుగున గొట్టాలు పరిచి బుడగలు వదిలే పద్ధతి లోతు తక్కువ చెరువుల్లో అందులో సగం కూడా ఇవ్వలేదు. బుడగ పైకి తేలి పగిలిపోయేలోగా దానికి దొరికే సమయం చాలదు. మన చెరువుల్లో తిరిగే తేలికపాటి ప్లాస్టిక్ రెక్కల యంత్రాలు ఆ మేలురకం స్థాయిని అందుకుంటాయని నమ్మకం పెట్టుకోవద్దు. జాగ్రత్త కోసం ఒక హెచ్‌పీ యంత్రం గంటకు ఒక కిలో ఇస్తుందనుకుందాం. ఆ ఒక కిలో కూడా పరీక్ష తొట్టిలోని లెక్క. 20 డిగ్రీల మంచినీటిలో, ఆక్సిజన్ బొత్తిగా లేనప్పుడు కొలిచిన అంకె అది. నీటిలో ఇప్పటికే ఎంత ఆక్సిజన్ ఉంటే కొత్తది కరగడం అంత నిదానిస్తుంది. 30 డిగ్రీల చెరువులో డీవో 4 ఉన్నప్పుడు అదే యంత్రం గంటకు 350 నుంచి 400 గ్రాములే ఇవ్వగలదు. డీవో 6 ఉన్నప్పుడు 100 గ్రాముల చుట్టూ ఆగిపోతుంది. మధ్యాహ్నం 10 పీపీఎం ఉన్నప్పుడు తిప్పితే ఎదురు పనిచేస్తుంది. నాచు పైసా ఖర్చు లేకుండా తయారుచేసిన ఆక్సిజన్‌ను నీటిలోంచి చిమ్మి గాలిలో కలిపేస్తుంది, దానికి మీరు కరెంటు బిల్లు కడతారు.

ఈ అంకెలను ఎకరం చెరువుకు అన్వయించి చూడండి. ఎకరమంటే దాదాపు 4000 చదరపు మీటర్లు, మీటరున్నర లోతులో 6000 ఘనపు మీటర్ల నీరు. ఆ చెరువులో డీవో ఒక్క పీపీఎం మారడానికి 6 కిలోల ఆక్సిజన్ కావాలి. లక్షా అరవై వేల సీడ్ వదిలారనుకోండి. 75 శాతం బతికి 50 కౌంటుకు, అంటే కిలోకు 50 తూగేలా, వచ్చాయంటే నీళ్లలో 2400 కిలోల రొయ్య ఉన్నట్టు. రోజుకు 60 కిలోల మేత పడుతుంది. మేతలోని నత్రజనిలో రొయ్య ఒంటికి పట్టేది నాలుగో వంతు చుట్టూ మాత్రమే, మిగతాదంతా నీటిలోనే కుళ్లి ఆక్సిజన్ లాగుతుంది. రొయ్య ఊపిరి, ఆ కుళ్లు, అమ్మోనియా మారే క్రమం అన్నీ కలిపి కిలో మేతకు కిలో పైచిలుకు ఆక్సిజన్ ఖర్చవుతుంది. అంటే రోజుకు 60, 70 కిలోలు, గంటకు 3 కిలోల చొప్పున. డీవో 4 దగ్గర నాలుగు యంత్రాలు ఇచ్చేది కిలోన్నర. పతనాన్ని సగానికి తగ్గించగలవు గానీ ఆపలేవు. ఆపాలంటే ఎనిమిది కావాలి. హెచ్‌పీకి 400 నుంచి 500 కిలోల రొయ్య అన్న ప్రసిద్ధ సూత్రం మేలైన యంత్రాలకు సరిపోతుంది, గంటకు కిలో ఇచ్చే యంత్రాలతో 300 కిలోల దగ్గరే ఆగడం మంచిదని ఈ లెక్క చెబుతోంది.

ఈ లెక్కలో మరో మెలిక ఉంది. అదే చెరువును 50 కౌంటులో పట్టకుండా 30 కౌంటు దాకా ఉంచితే అవే లక్షా ఇరవై వేల రొయ్యలు 4000 కిలోలవుతాయి. సీడ్ ఒక్కటీ పెరగలేదు, ఆక్సిజన్ అవసరం మాత్రం ఎంతో పెరిగింది. ధర కోసం ఆగే రైతు గాలిని కూడా అంతమేర పెంచుకోవాలి, లేదా కొంత సరుకును ముందే పట్టి బరువు తగ్గించాలి. రెండూ చేయకుండా ఆగడం జూదం. మన దేశంలో వనామీ సాగుకు 2009లో అనుమతి వచ్చినప్పుడు చదరపు మీటరుకు 60 పిల్లలు మించరాదని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ హద్దు పెట్టింది. ఎకరానికి రెండు లక్షల నలభై వేలు. అది చట్టం పెట్టిన హద్దు. మీ చెరువు హద్దు అంతకంటే చాలా కిందే ఉండొచ్చు, దాన్ని మీ గట్టు మీదున్న మోటార్లే తేలుస్తాయి.

సీడ్ వదిలేశాక ఈ రాత్రి ఏం చేయాలన్న ప్రశ్న రోజూ ఉంటుంది. దానికి చేపల చెరువుల్లో దశాబ్దాల కిందటే తేల్చిన ఒక పద్ధతి ఉంది, డీవో మీటరు, ఒక కాగితం చాలు. రాత్రి ఏడు గంటలకు కొలవండి. 7 వచ్చిందనుకుందాం. పది గంటలకు అదే చోట మళ్లీ కొలవండి. 5.5 వచ్చింది. మూడు గంటల్లో ఒకటిన్నర, గంటకు అర పీపీఎం తగ్గుతోంది. ఆ రెండు చుక్కలను కలిపి గీతను తెల్లవారేదాకా పొడిగించండి. ఒంటిగంటకు 4, మూడింటికి 3, ఆరింటికి 1.5 అని గీత చెబుతుంది. రొయ్యలు తేలేదాకా ఆగనక్కరలేదు, పది గంటలకే ఆ రాత్రి సంగతి మీ చేతిలో ఉంది. యంత్రాలన్నీ ఒంటిగంటకు ముందే తిరగాలి. గీత మరీ నిటారుగా దిగుతోంటే మర్నాడు ఉదయం మేత తగ్గించాలి, ఇంకో యంత్రం సంగతి ఆలోచించాలి. మీటరు తీగను పైపైన ముంచి తీయకండి, రొయ్య ఉండేది అడుగున కాబట్టి అడుగుకు ఒక అడుగు ఎత్తులో కొలవండి. మీటరులో ఉప్పదనం అంకె సరిచేశారో లేదో చూసుకోండి. మంచినీటి అంకె మీద వదిలేసిన మీటరు ఉప్పునీటి చెరువులో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, ఆ ధైర్యం ప్రమాదకరం.

కరెంటు బిల్లు మాటేమిటని ఎవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆంధ్రప్రదేశ్‌లో ఆక్వా కరెంటు రాయితీ ధరకు వస్తున్నా పంట ఖర్చులో అది చిన్న పద్దు కాదు. కానీ ఎనిమిది హెచ్‌పీ యంత్రాలు గంటకు దాదాపు 7 యూనిట్లు కాలుస్తాయి. మంచి ఎండలో ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా అలవాటుగా తిప్పే చెరువులో 40 యూనిట్ల పైమాటే ఆక్సిజన్ చేర్చని పనికి పోతున్నాయి. దాన్ని మీ రేటుతో, మీ పంట రోజులతో గుణించి చూడండి. అర్ధరాత్రి అదనంగా తిప్పే ఖర్చును ఆ ఆదాయే చాలావరకు తీరుస్తుంది. పగలు అన్నీ ఆపేయమని మాత్రం నేను అనడం లేదు. పై నీరు వేడెక్కి, అడుగు నీరు చల్లగా విడిగా నిలిచిపోయే రోజుల్లో మధ్యాహ్నం ఒకటి రెండు యంత్రాలు కాసేపు తిప్పితే పైనున్న ఆక్సిజన్ కిందికి చేరుతుంది. మబ్బు పట్టిన రోజు నాచు సరిగా పనిచేయదు, అప్పుడు పగలైనా యంత్రమే దిక్కు. వాన కురిస్తే తేలికైన మంచినీరు ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటుంది. వాన పడుతోందని యంత్రాలు ఆపే అలవాటు కొన్నిచోట్ల ఉంది, ఆ వేళ తిప్పడమే సరైన పని. గడియారం చూసి కాదు, మీటరు చూసి స్విచ్ వేయమంటున్నాను.

గట్టు మీద గదిలో ఆక్సిజన్ బిళ్లలు, పొడి నిల్వ ఉంటే చాలదా అని ఇంకొందరు అడుగుతారు. ఆ పొడుల్లో ఎక్కువ భాగం సోడియం పెర్‌కార్బొనేట్. శుద్ధమైన సరుకు అయినా అందులోంచి వచ్చే ఆక్సిజన్ బరువులో 15 శాతం చుట్టూ మాత్రమే. 10 కిలోలు చల్లితే కిలోన్నర ఆక్సిజన్. మన ఎకరం చెరువులో డీవో పావు పీపీఎం పెరుగుతుంది, గంటకు అర పీపీఎం తగ్గే చెరువుకు అది అరగంట ఊపిరి. కరెంటు పోయి జనరేటర్ మొరాయించిన రాత్రి, రొయ్యలు గుంపుగా చేరిన మూలన చల్లితే ఆ చోటికి ఆ కాసేపు పనికొస్తుంది. పంట మొత్తాన్ని దాని మీద నడపలేం.

పూర్వం ఏరియేటర్లు లేకుండానే టైగర్ రొయ్య పండించారు కదా అన్న మాట పెద్దవాళ్ల నోట వినిపిస్తుంది. నిజమే, పల్చగా వదిలి, తక్కువ మేతతో, నీరు మారుస్తూ సాగించారు. యంత్రం లేని చెరువు హెక్టారుకు రోజుకు 30 కిలోల చుట్టూ మేతను తట్టుకోగలదని బాయిడ్ లెక్క. ఎకరానికి 12 కిలోలు. ఆ హద్దులో ఉండదలచిన రైతుకు ఈ రోజుకీ ఏరియేటర్ అక్కరలేదు, ఆ దారి తప్పూ కాదు, చిన్న పెట్టుబడికి అది మేలైన దారి కావచ్చు. 60 కిలోల మేత వేస్తూ 12 కిలోల నాటి ధైర్యం తెచ్చుకోవడమే కుదరదు. అతి సూక్ష్మ బుడగలు వదిలే కొత్త యంత్రాలు అమ్మవచ్చేవారిని కూడా ఒకే ప్రశ్న అడగండి: ఒక యూనిట్ కరెంటుకు మీ యంత్రం ఎన్ని కిలోల ఆక్సిజన్ కరిగిస్తుంది, ఆ పరీక్ష ఎక్కడ జరిగింది? బుడగ చిన్నదైతే నీటిని తాకే వైశాల్యం పెరుగుతుందన్నది నిజం, బుడగను అంత చిన్నగా చేయడానికి కరెంటు ఖర్చవుతుందన్నదీ అంతే నిజం. అంకె చెప్పలేని యంత్రాన్ని కొనకండి.

కొన్న యంత్రం పూర్తిగా పనిచేసేలా చూసుకోవడం కూడా గాలి లెక్కలో భాగమే. రెక్కలు నీటిలో 10 సెంటీమీటర్ల చుట్టూ మునగాలి. తక్కువ మునిగితే ఊరికే చిమ్ముతాయి, మరీ మునిగితే మోటారు మీద భారం పడి వైండింగ్ కాలుతుంది. ఫ్లోట్లకు నాచు, గుల్లలు పట్టి బరువెక్కితే యంత్రం తెలియకుండానే కిందికి దిగుతుంది, అందుకే మధ్యమధ్య గీకి శుభ్రం చేయాలి. గట్టుకు ఆనుకుని పెడితే మట్టి కోసుకుపోయి నీరు బురదవుతుంది, కొన్ని మీటర్లు లోపలికి జరపండి. అన్నీ ఒకే దిశలో నీటిని తిప్పేలా అమర్చితే మురుగు మధ్యకు చేరి, మేత చల్లే అంచులు శుభ్రంగా ఉంటాయి. ఎదురెదురుగా పెట్టినవి ఒకదాని ప్రవాహాన్ని మరొకటి చంపేస్తాయి. ఉప్పుగాలికి బేరింగులు, బోల్టులు ముందు పోతాయి. పంటకూ పంటకూ మధ్య ఖాళీలో గేర్‌బాక్స్ ఆయిల్ మార్చి, బేరింగులు చూసుకున్న రైతుకు డెబ్బయ్యో రోజు రాత్రి మెకానిక్ కోసం పరుగులు తక్కువ.

ఎక్కువ రొయ్య, ఎక్కువ యంత్రాలు అన్న దారిలో ఉన్నవారు ఒక సంగతి మరవకూడదు. గంటకు అర పీపీఎం తగ్గే చెరువులో డీవో 4 ఉండగా కరెంటు పోతే 2కి చేరడానికి నాలుగు గంటలు పడుతుంది. బరువు రెట్టింపైతే ఆ గడువు రెండు గంటలకు కుదించుకుపోతుంది. తుపాను రాత్రి లైన్ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. జనరేటర్ సామర్థ్యం యంత్రాలన్నింటికీ సరిపోవాలి, మోటార్లు మొదలయ్యేటప్పుడు లాగే అదనపు కరెంటునూ మోయాలి. వారానికోసారి లోడు మీద నడిపి చూడాలి. జనరేటర్ మోయలేనన్ని యంత్రాలు పెట్టి, ఆ యంత్రాలను నమ్ముకుని సీడ్ పెంచితే గాలి లెక్క మళ్లీ తప్పినట్టే.

ఆఖరిది, అన్నింటికంటే ముఖ్యమైనది. రాత్రంతా గట్టు మీద ఉండేది కాపలా మనిషి. గీత గీసేదీ, స్విచ్ వేసేదీ, ఆగిన రెక్కను చూడటానికి నీళ్లలో దిగేదీ అతనే. ఉప్పునీటిలో నడిచే మోటారు, అతుకులు వేసిన కేబుల్, తడి చేతులు ఒకచోట చేరితే క్షణంలో ప్రాణం పోతుంది. ప్రతి లైనుకూ 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ, సరైన ఎర్తింగ్ పెట్టించండి. అతుకులు లేని కేబుల్ వేయించండి. మెయిన్ ఆపకుండా ఎవరూ నీటిలో దిగకూడదన్న నియమాన్ని స్విచ్ బోర్డు పక్కనే పెద్ద అక్షరాలతో రాయించండి. ఈ పనులన్నీ చెరువుకు నీరు పెట్టకముందే పూర్తి కావాలి.